నేల కింద నేల

విషమంటే రంగు, రుచి, వాసన ఉండి తీరాలని మనకో నమ్మకం. అవి ఉన్నదాన్ని చూస్తే ఆమడ దూరం జరుగుతాం. లేనిదాని మీద చాప పరిచి పిల్లల్ని పడుకోబెడతాం.

ఆ వీధి మలుపులో ఉన్న మేడ సంగతీ అంతే. దాని కింది అంతస్తులో ఒకప్పుడు డ్రై క్లీనింగ్ దుకాణం ఉండేది. పెద్దమనుషుల కోట్ల మీది మరకల్ని మంత్రం వేసినట్టు మాయం చేసేవాడని దుకాణదారుడికి మంచి పేరు. ఆ మంత్రమంతా ఒక మందులో ఉంది. వాడేసిన మందుని అతగాడు వెనక గదిలోని తూములో పారబోసేవాడు. ఒకరోజా, రెండురోజులా, దుకాణం నడిచినన్నాళ్ళూ పారబోశాడు. తర్వాత దుకాణం ఎత్తేసి తన దారిన తాను పోయాడు గానీ, మందు ఎక్కడికీ పోలేదు. మట్టిలోకి దిగి, అక్కడ ఆవిరై, ఏ పగులు దొరికితే ఆ పగుల్లోంచి పైకి వస్తూనే ఉంది. ముక్కుకి తెలిసేంత రాకముందే ఒంటికి చేయాల్సిన చెరుపు చేసేస్తుంది.

తర్వాత ఆ మేడ కొన్నాయన గోడలకి కాగితం బాతులు అతికించాడు. నేలకి నున్నటి పూత పూయించాడు. క్రెష్ నడుపుకునే ఒక పంతులమ్మకి అద్దెకిచ్చాడు. నడక రాని పిల్లలు, పాకే పిల్లలు, అప్పుడే మెడ నిలిపిన పిల్లలు అంతా అక్కడే. పెద్దవాళ్ళకైతే నేలకీ ముక్కుకీ మధ్య ఐదడుగుల దూరం ఉంటుంది. పిల్లలకి జానెడు కూడా ఉండదు. ఆరోగ్యశాఖవాళ్ళు ఎందుకో ఆ వీధంతా పరీక్షలు చేస్తుంటే విషయం బయటపడింది. క్రెష్ మూయించి, బాగుచేసి చూపించాకే తెరవమన్నారు. ఓనరు ఒక కంపెనీని పిలిపించాడు. పాడైన నేలల్ని బాగుచేయడమే ఆ కంపెనీ పని.

శుక్రవారం మధ్యాహ్నం ఆ కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరమ్మకి ఉన్న పనల్లా ఒక్కటే. బిగించిన ఫ్యాన్ పనిచేస్తోందో లేదో చూసి సంతకం పెట్టాలి. సోమవారం క్రెష్ తెరుస్తారు.

ఆఫీసులో ఆమెని అందరూ పెనుభూతం అంటారు. అనుమానం పెనుభూతం కదా, ఆమెకి అన్నిటి మీదా అనుమానమే. టీ తాగేముందు కూడా కప్పు కిందివైపు చూస్తుందని వెక్కిరిస్తారు. ఆ పేరు పెట్టింది కంపెనీ యజమానే. ఆయన ఆమెకి స్వయానా బాబాయి. నాన్న పోయాక చదివించిందీ, ఈ విద్య నేర్పిందీ, ఉద్యోగమిచ్చిందీ ఆయనే. ఇంట్లో ఆయన్ని నువ్వు అంటుంది, ఆఫీసులో మీరు అంటుంది. ఆ తేడా ఎక్కడా పొరపాటున కూడా చెడకుండా చూసుకుంటుంది.

పసిపిల్లల గది గోడ పక్కనే తెల్లటి గొట్టం ఒకటి నేలలోంచి లేచి, పైకప్పు దాటి డాబా మీదికి పోయింది. పంతులమ్మ కోడలు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆ గది చూసుకునేది ఆ అమ్మాయే.

"ఇదేనా అక్కా, ఇన్నాళ్ళు మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టిన మిషను? ఇంకా ఏదో పెద్ద ఇంజను లాంటిది వస్తుందనుకున్నా."

"ఇంతే. నేల కింద గాలిని ఇది ముందే పీల్చేసి డాబా మీద వదిలేస్తుంది. ఆవిరి గదిలోకి రాదు."

"అంటే కిందనుంచి వచ్చే చుట్టాన్ని గుమ్మంలోకి రాకుండానే పంపించేస్తుందన్నమాట. మా అత్తయ్యకి ఒకటి కొనివ్వండి."

"వింటున్నానే," అంది పక్క గదిలోంచి పంతులమ్మ.

కోడలు నవ్వుకుంటూ బొమ్మలు తుడవడానికి వెళ్ళింది. పంతులమ్మ వచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, ఒక్క మాట. దానికి మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీరూ అనకండి. మీవాళ్ళిచ్చిన కాగితంలో కడుపుతో ఉన్నవాళ్ళకి మరీ మంచిది కాదని రాశారు. రోజంతా ఈ గదిలో నేల మీదే కూర్చుంటుంది. ఇప్పుడు ఫర్వాలేదు కదా?"

"చూసి చెప్తానండీ," అంది ఇంజనీరమ్మ. అనడం తేలికే.

గొట్టానికి ఎదురుగా గోడకి ఒక చిన్న గాజు గొట్టం బిగించి ఉంది. యు ఆకారంలో వంగి, సగం దాకా ఎర్రటి నూనెతో ఉంటుంది. ఫ్యాన్ ఆగిపోతే రెండువైపులా నూనె సమంగా నిలబడుతుంది. పీలుస్తుంటే ఒకవైపు ఎక్కి ఒకవైపు దిగుతుంది. చదువు రానివాళ్ళు కూడా చూసి తెలుసుకోవచ్చని పెడతారు. ఇక్కడ ఒకవైపు నూనె దాదాపు అంచు దాకా ఎక్కి ఉంది.

అంతలో బాబాయి ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎలా చూపిస్తోంది?"

"బ్రహ్మాండంగా చూపిస్తోందండీ."

"మరింకేం. సంతకం పెట్టి వచ్చెయ్."

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుంది గానీ కాలు కదల్లేదు. ఆ నూనె మరీ అంత ఎత్తున ఎందుకుంది? నేల కింద పరిచిన కంకరలోంచి గాలి తేలిగ్గా వస్తుంటే నూనె కొంచెమే కదులుతుంది. అంత ఎత్తుకి ఎక్కిందంటే ఫ్యాన్ పీకులాడుతోందన్నమాట. చిన్నపిల్లలు గ్లాసులో గొట్టం పెట్టి పళ్ళరసం తాగేటప్పుడు, గొట్టం అడుగుకి అంటుకుపోతే బుగ్గలు లోపలికి పోతాయి, నోట్లోకి చుక్క రాదు. బుగ్గలు చూసి, ఎంత బాగా తాగుతున్నాడో అని మురిసిపోయే తల్లి ఉండదు. ఈ విద్యలో మాత్రం అలాంటి తల్లులు చాలామంది ఉన్నారు.

ఆమె డాబా ఎక్కింది. గొట్టం మూతి దగ్గర ఒక పల్చటి కాగితపు రుమాలు పట్టుకుంది. అది గాలికి పైకి లేచి కొట్టుకోవాలి. వేలాడుతూ ఉండిపోయింది. ఫ్యాన్ మాత్రం లోపల గుయ్యిమని మోగుతోంది. పైన పటారం, లోన లొటారం.

కిందికి వచ్చి, పసిపిల్లల గదిలో గోడ, నేల కలిసే మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఈ పని కోసం వాడే సన్నటి పొగపుల్ల వెలిగించి పగులు దగ్గర పెట్టింది. ఫ్యాన్ నిజంగా నేల కింద పీలుస్తుంటే పొగ ఆ పగుల్లోకి దిగాలి. దిగలేదు. నేల ఊదుతున్నట్టు పైకి లేచి, ఆమె మొహం మీదికి వచ్చి, గదిలోకి పోయింది.

"ఈ గొట్టం కోసం నేల డ్రిల్లు చేసినప్పుడు గుండ్రటి కాంక్రీటు దిమ్మ ఒకటి బయటికి వచ్చుంటుందండీ. పారేశారా?" అని అడిగింది.

"అయ్యో, ఎందుకు పారేస్తాం, అదిగో," అంది పంతులమ్మ. "తలుపు ఊరికే మూసుకుపోతుంటే అడ్డం పెట్టుకున్నాం."

ఇంజనీరమ్మ వెళ్ళి దిమ్మని ఎత్తి తిరగేసింది. ఈ పనిలో చేరిన మొదటిరోజు బాబాయి ఇలాంటి దిమ్మనే చేతిలో పెట్టి, 'పై ముఖం అందరికీ కనపడుతుందమ్మా, మనం మాత్రం ముందు కింది ముఖం చూడాలి' అన్నాడు. నేలని పూర్తిగా కోస్తే కింది ముఖం గరుగ్గా ఉండి, కంకర అంటుకుని రావాలి. ఇది అద్దంలా నున్నగా ఉంది. గళ్ళ గీతలు అచ్చుపడి ఉన్నాయి. ఒక మూల నీలం రంగు టైలు పెచ్చు అతుక్కుని ఉంది.

ఆమెకి అంతా తెలిసిపోయింది. డ్రై క్లీనింగ్ దుకాణం నాటి నీలం టైళ్ళ నేల కిందే ఉంది. తూము అందులో ఉంది. దాన్ని తవ్వలేదు, తీయలేదు. దాని మీదే మూతలా కొత్త కాంక్రీటు పోశారు. డ్రిల్లు కొత్త నేల కోసి, పాత నేల దగ్గర ఆగిపోయింది. గొట్టం మట్టిని ముట్టనే లేదు. ఇన్నాళ్ళుగా ఫ్యాన్ ఒక టైలుని పీలుస్తోంది.

"గదిలో గాలి పరీక్షకి, గాలి పట్టే స్టీలు డబ్బాలు పెట్టినరోజు కిటికీలు మూసే ఉంచారు కదండీ?" అంది, దిమ్మ కింద పెడుతూ. ఆ పరీక్షలో ఆవిరి హద్దులోపే ఉందని వచ్చింది. అది ఒక్కటే ఆమెకి మింగుడుపడటం లేదు.

"లేదమ్మా, అన్నీ తీసే ఉంచాం. మీ బాబాయిగారే తీయించారు. కొత్త రంగుల వాసన పోవాలన్నారు. ఆరోజు గాలి కూడా బాగా వీచింది, కాగితం బాతులన్నీ ఎగిరిపోయాయి."

ఒంటికి చన్నీళ్ళు పోసి జ్వరం చూస్తే ఎంత నిజం తెలుస్తుందో, కిటికీలు తీసి గాలి పరీక్ష చేస్తే అంతే తెలుస్తుంది. పరీక్షకి ముందురోజు నుంచే కిటికీలు మూయించాలన్నది ఈ విద్యలో ఓనమాలు. ఆ ఓనమాలు దిద్దించినాయనే కిటికీలు తీయించాడు.

"ఏమైనా తేడాగా ఉందా?" అంది పంతులమ్మ.

"చిన్న పొరపాటు ఉన్నట్టుంది. బాబాయితో మాట్లాడి చెప్తాను. తేలేదాకా అమ్మాయిని ఈ గదిలో ఉండనివ్వకండి."

పొరపాటనే అనుకుంది మరి. ఆఫీసుకి వెళ్ళే దారంతా ఆయన తరఫున తనే సాకులు కుట్టిపెట్టుకుంది. కళ్ళద్దాలు మార్చే వయసొచ్చింది, దిమ్మ సరిగ్గా చూసుండడు. రంగు వాసన పడదు, కిటికీ తీయమనుంటాడు. డబ్బాలు పెట్టింది ఇంకెవరో అయ్యుంటారు. మనకి కావలసినవాళ్ళ కోసం మన బుర్ర ఎంత ఊడిగమైనా చేస్తుంది.

బాబాయి టేబుల్ ముందు కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. ఆమె కూర్చోలేదు.

"దిమ్మ కింది ముఖం చూశారా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడిచాడు. "చూశాను," అన్నాడు.

ఆమె కుట్టిపెట్టుకున్న సాకులన్నీ ఒక్కసారిగా పిగిలిపోయాయి.

"కూర్చోమ్మా. ఓనరుకి ముందే తెలుసు, ఆ నేల పోయించింది ఆయనే. పాతది పగలగొడితే తూము బయటపడుతుంది. తూము బయటపడితే మట్టంతా తవ్వి ఎత్తాలి. ఏడాది పడుతుంది. ఆయన ఒప్పుకోడు. మనల్ని పంపించేసి ఇంకొకళ్ళని తెచ్చుకుంటాడు. వాళ్ళు ఈపాటి ఫ్యాన్ కూడా పెట్టరు."

"పెట్టిన ఫ్యాన్ దేన్ని పీలుస్తోందండీ?"

ఆయన ముందున్న కాగితాలు సర్దడం మొదలెట్టాడు.

"కిటికీలు కూడా మీరే తీయించారట."

"నంబరు హద్దులోనే వచ్చిందిగా. నంబరు నంబరే. చూడమ్మా, ఊరికే రాద్ధాంతం చేయకు. వేసవి సెలవుల్లో ఓనరుని మెల్లగా ఒప్పించి పాత నేల కూడా కోయిద్దాం. అప్పటిదాకా కిటికీలు తీసి పెట్టుకోమని పంతులమ్మకి నేనే చెప్తాను. సరిపోతుంది."

"ముందు చలికాలం వస్తోంది. నెలల పిల్లలున్న గదిలో కిటికీ ఎవరు తీసి పెడతారు?"

"పెడతార్లే."

ఆ 'లే' అన్న అక్షరానికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఒక్క అక్షరంతో ఎన్ని నేలలు మూసేశారో, ఎన్ని బావులు మంచివని రాసిచ్చేశారో. ఓనరుదేముంది, వాడు వ్యాపారస్తుడు, మసిపూసి మారేడుకాయ చేయడం వాడి పని. ఆ మసి తుడిచి చూపించడానికే కదా మనకి చదువులు, సంతకాలు, పేరు పక్కన అక్షరాలు. కంచే చేను మేస్తుంటే చేను ఎవరితో చెప్పుకోవాలి? కోడలి సంగతి ఆమె నోటి చివరిదాకా వచ్చింది. ఎవరితోనూ అనొద్దన్నారు కదా, మింగేసింది. అయినా ఒకరి కడుపు చూపిస్తే తప్ప కదలని మనిషితో ఏం మాట్లాడాలి అనిపించింది.

"నేను సంతకం పెట్టను."

"వద్దులే. నేనే పెడతాను," అన్నాడాయన, ఆమె మీద ఏదో భారం దించుతున్నట్టు. "నువ్వు కొన్నాళ్ళు సెలవు తీసుకో. బాగా అలిసిపోయావు."

ఆమె బయటికి వచ్చి ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది. అక్కడి అధికారి మర్యాదగా విన్నాడు. శని, ఆదివారాలు సెలవన్నాడు. ఫిర్యాదు సోమవారం రాసివ్వమన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. "మీ బాబాయిగారు ఈ రంగంలో అంత పెద్దాయన. ఆయన సంతకం ఉందంటే మేం మళ్ళీ ఏం చూస్తామమ్మా?" పంతులమ్మకి ఫోన్ చేస్తే, ఆవిడ గొంతు అప్పటికే మారిపోయి ఉంది. పెద్దాయన స్వయంగా మాట్లాడారట. అమ్మాయి కొంచెం కంగారు మనిషి, ఏం లేదని చెప్పారట. "ఆదివారం తల్లిదండ్రులందర్నీ పిలిచాం, మీరూ రండమ్మా," అంది ఆవిడ ప్రేమగా. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రెనని ఏం లాభం, ఆవిడకి నమ్మడం తప్ప ఇంకో దారి ఎవరు మిగిల్చారు గనక.

ఆదివారం సాయంత్రం చలిగాలి మొదలైంది. పసిపిల్లల గదిలో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. చిన్న చిన్న కుర్చీల్లో పెద్ద పెద్ద మనుషులు మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా ఒదిగి కూర్చున్నారు. కొందరి ఒళ్ళో పిల్లలున్నారు. పేర్లు రాసిన పిల్లల సంచులు గోడ పొడుగునా మేకులకి వేలాడుతున్నాయి. ఓనరు కోటు వేసుకుని వచ్చి అందరికీ టీలు అందించాడు. బాబాయి గాజు గొట్టం పక్కన నిలబడి ఎర్ర నూనె చూపిస్తున్నాడు. నెరిసిన జుట్టు, నిదానమైన గొంతు, ఒక్కో మాటా తూచినట్టు వస్తుంది. ఆ గొంతు వింటే ఎవరికైనా నిద్రపట్టేంత ధైర్యం వస్తుంది.

"ఇటువైపు నూనె ఎంత ఎత్తున ఉందో చూశారా. అంత బలంగా లాగుతోందన్నమాట."

తల్లులు తలలూపారు. అప్పుడే ఇంజనీరమ్మ లోపలికి వచ్చింది. పిలిచారు కాబట్టి వచ్చింది. వచ్చీ రాగానే వంగి, తలుపుకి అడ్డం పెట్టిన దిమ్మని రెండు చేతులతో ఎత్తింది. తలుపు దానంతటదే వచ్చి మూసుకుంది. ఆమె దిమ్మని పిల్లల బల్ల మీద తలకిందులుగా పెట్టింది.

"ఇది ఈ గొట్టం కోసం కోసి తీసిన ముక్క. దీని అడుగున టైలు ఉంది చూడండి. అంటే ఈ నేల కింద పాత దుకాణం నేల అలాగే ఉంది. గొట్టం దాన్ని దాటి మట్టిలోకి పోలేదు. ఫ్యాన్ ఏమీ లాగడం లేదు. నూనె అంత ఎత్తున ఉండటానికి కారణం అదే. గాలి పరీక్ష కూడా కిటికీలు తీసి చేశారు."

గదిలో కాస్త కలకలం రేగింది. ఒక తండ్రి లేచి టైలు పెచ్చుని వేలితో తడిమి చూశాడు. ఓనరు హాయిగా నవ్వాడు.

"ఇందులో దాచిందేముందండీ. పాత నేల మీద కొత్త నేల. ఒకటి ఉండాల్సినచోట రెండున్నాయి. ఇంకా గట్టి కదా."

అంతే, ఆ మాట చాలింది. వినడానికి ఎంత సుఖంగా ఉందో, ఆమె చెప్పింది అంత కష్టంగా ఉంది. తండ్రి మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఒక తల్లి బాబాయి వైపు తిరిగి, "ఏమంటారు సార్?" అంది.

బాబాయి చిరునవ్వు నవ్వాడు. "మా అన్నయ్య కూతురే. తెలివైంది. కాస్త అనుమానం ఎక్కువ. ఆఫీసులో పెనుభూతం అంటాం."

అందరూ నవ్వారు. దిమ్మ అక్కడే ఉంది, నీలం పెచ్చు అక్కడే ఉంది, కళ్ళున్న ప్రతివాళ్ళకీ కనపడుతూనే ఉంది. అయినా ఒక పెద్దమనిషి నవ్వు ముందు రాయి కూడా అబద్ధమైపోయింది.

పంతులమ్మకి ఆమె మీద జాలేసినట్టుంది. సర్దిచెప్పడానికి లేచి నిలబడింది.

"అమ్మాయి మన మంచికే చెప్తోంది, తప్పు పట్టకండి. కానీ పెద్దాయన అన్నీ చూసే సంతకం పెట్టారు. నాకు నమ్మకం లేకపోతే మా కోడల్ని ఇక్కడ ఉంచుతానా? ఇంకా ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్పేస్తున్నాను. దానికి మూడో నెల. రేపటినుంచి ఈ గదిలోనే ఉంటుంది."

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఆ అమ్మాయి వైపు తిరిగారు. ఆమె సిగ్గుపడి, "అత్తయ్యా," అంటూ, ఏం చేయాలో తోచక, ఏడుస్తున్న ఒక పాపని తల్లి చేతుల్లోంచి అందుకుంది. మూల పరిచిన చాప మీద కూర్చుని పాపని ఒళ్ళో వేసుకుంది. శుక్రవారం పొగ పైకి లేచిన మూల అదే.

బాబాయి ఓనరుకి ఏదో చెప్తున్నవాడు సగంలో ఆపేశాడు. టీ కప్పు బల్ల మీద పెట్టాడు. నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ ఆ మూలకి వెళ్ళి, అమ్మాయి తల మీదుగా చేయి చాపి కిటికీ గడియ తీశాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. గోడ మీది కాగితం బాతులు రెపరెపలాడాయి. ఒళ్ళో పాప ఉలిక్కిపడి మళ్ళీ ఏడుపు మొదలెట్టింది.

"సార్, చలిగా ఉందండీ, మూసెయ్యండి," అంది పాప తల్లి.

ఆయన మూయలేదు.

"మూసెయ్యండి సార్, పిల్లలకి జలుబు చేస్తుంది," అన్నాడు ఓనరు, ఇంకా నవ్వుతూనే. ఆ నవ్వు అంచు దగ్గర కొంచెం వణికింది.

ఆయన గడియ మీద చేయి వేసుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరివైపూ చూడటం లేదు. ఏం చేశాడో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"మూసెయ్యి బాబాయ్," అంది ఇంజనీరమ్మ.

నలుగురిలో ఆయన్ని నువ్వు అనడం ఆమెకి అదే మొదటిసారి.

"నువ్వు సంతకం పెట్టిన గాలే కదా. నంబరు నంబరే అన్నావు కదా. ఆ పిల్లకి చలేస్తోంది, మూసెయ్యి."

నిలబడ్డవాళ్ళూ కూర్చున్నవాళ్ళూ అంతా ఆ చేతినే చూస్తున్నారు. ఇందాక దిమ్మ చూసి అర్థం కానివాళ్ళకి, నూనె చూసి అర్థం కానివాళ్ళకి, ఆ చేయి చూస్తే అర్థమైపోయింది. కిటికీ మూయడానికి చదువక్కర్లేదు. మూయలేకపోవడానికి ఎంత తెలిసుండాలో వాళ్ళకి తెలిసింది.

ఆయన కిందికి చూశాడు. గొంతులో ఆ నిదానం లేదు.

"అమ్మా, నువ్వు లేచి బయటికి వెళ్ళు," అన్నాడు కోడలితో. "పాపని కూడా తీసుకెళ్ళు."

ఇంజనీరమ్మకి ఆయన మీద జాలి కలగలేదు. కలగాలేమో, చదివించిన మనిషి, చేయి పట్టుకుని విద్య నేర్పిన మనిషి. కానీ ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. కళ్ళముందు ఒక మూడో నెలని చూసేసరికి తనంతట తనే లేచిన చేయి, ఇన్ని మేకులకి ఇన్ని సంచులు వేలాడుతుంటే ఎందుకు లేవలేదు? వాటి మీద పేర్లు కూడా రాసున్నాయి కదా. సంతకం పెట్టేటప్పుడు ఆ చేయి ఎవరిది?

కోడలు లేచింది. పంతులమ్మ ఒక చేత్తో ఆ అమ్మాయి భుజం, ఇంకో చేత్తో పాపని పట్టుకుని తలుపు దాకా నడిపించింది. పోతూ పోతూ బాబాయి ముందు ఒక్క క్షణం ఆగింది. ఆయన మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఒక తల్లి లేచి మేకు మీదినుంచి తన పిల్ల సంచి తీసుకుంది. ఆ వెనకే ఇంకొకామె తీసుకుంది. ఆ తర్వాత ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. ఓనరు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ఏదో చెప్పబోయాడు గానీ, వాళ్ళు పిల్లల్ని గుండెలకి అదుముకుని ఆయన్ని పక్కకి తోసుకుంటూ బయటికి నడిచారు.

మేకులన్నీ ఖాళీ అయ్యాయి. గోడ మీద ఎర్ర నూనె మాత్రం ఎప్పటిలాగే బ్రహ్మాండంగా చూపిస్తోంది. ఇంజనీరమ్మ దిమ్మని చంకలో పెట్టుకుని, సోమవారం పొద్దున్నే ఆరోగ్యశాఖ తలుపు తీసేసరికి అక్కడ ఉండాలని అనుకుంటూ బయటికి వచ్చింది. వీధిలోంచి వెనక్కి తిరిగి చూస్తే కిటికీ ఇంకా తెరిచే ఉంది, ఆయన చేయి ఇంకా గడియ మీదే ఉంది.